సున్నలు వెతకబోతే...

బొబ్బిలి దగ్గర ఓ పల్లెలో ఉంటారు ఆ మాస్టారు. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి 2011లో రిటైరయ్యారు. ఆయనకో పిచ్చి ఉంది. మాటలు పోగేయడం! సంతలో, కల్లంలో, బస్సు కోసం నిలబడిన చోట... ఎవరి నోటైనా కొత్త మాట వినబడితే చాలు, జేబులోంచి చిన్న పుస్తకం బయటికి వచ్చేది. సజ్జల్ని అక్కడివాళ్లు గంటెలంటారు. రాగుల్ని చోళ్లంటారు. సందుని గోర్జి అంటారు. పాలేరుని కంబారి అంటారు. ఇలాంటివన్నీ ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో చెప్పారో కూడా రాసుకునేవారు.

'ఇవన్నీ ఎందుకు మాస్టారూ?' అని అడిగినవాళ్లకి ఆయన అలమరలోంచి ఓ పాత పుస్తకం తీసి చూపించేవారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన వ్యవసాయ వృత్తి పదకోశం అది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకుడు. రైతుల నోట విన్న మాటల్ని జిల్లాలవారీగా పోగుచేసిన పుస్తకం. 'అంత పెద్ద పని మనవల్ల కాదు. మన చుట్టుపక్కల పది ఊళ్ల మాటలైనా దాచుకోవద్దా?' అనేవారు.

ఆయన కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పండక్కి వచ్చినప్పుడు నాన్న పుస్తకాల గుట్ట చూసి జాలిపడింది. సగం చెదలు తినేశాయి. ఓ పాత కంప్యూటరు తెచ్చి, అందులో లినక్స్ వేసి, తెలుగులో టైపు చెయ్యడం నేర్పింది. ఒక్కో మాటకీ ఒక్కో వరుస. వరుసలో ముందు మాట, తర్వాత అర్థం, ఊరు, చెప్పినవారు. మధ్యలో ఓ నిలువు గీత. అంతే!

2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు మాస్టారు పాత పుస్తకాలన్నీ ఆ ఫైల్లోకి ఎక్కించేశారు. ఆ తర్వాత కొత్త మాటలు నేరుగా అందులోనే రాయడం మొదలుపెట్టారు. 'ఇంక పుస్తకాలెందుకు నాన్నా? ఫైల్లో ఉంటే చెదలు పట్టవు, వానకి తడవవు' అని ధైర్యం చెప్పింది కూతురే.

ఆ మాట తర్వాత ఆమెకి చాలాసార్లు గుర్తొచ్చింది.

* * *

'ఒకే మాట రెండుసార్లు ఎక్కిందేమోనమ్మా. ఇన్ని వేల వరుసల్లో ఎలా కనిపెట్టేది?' అని మాస్టారు ఓరోజు అడిగారు.

ఆమె నల్లటి తెర ఒకటి తెరిచింది. అందులో బొమ్మలుండవు, బటన్లుండవు. మనం ఓ వాక్యం రాసి ఎంటర్ కొడితే కంప్యూటరు ఆ పని చేసిపెడుతుంది. ఆమె 'రూబీ' అని మొదలుపెట్టి, కొటేషన్ల మధ్య ఏదో రాసి ఎంటర్ కొట్టింది. కన్నుమూసి తెరిచేలోగా రెండేసి సార్లు వచ్చిన మాటలన్నీ వరుసగా కనిపించాయి.

'ప్రోగ్రాం అంటే పేజీలకి పేజీలు రాయాలంటారు కదా. నువ్వు ఒక్క వరుసే రాశావేమిటి?'

'ఒక్కసారి వాడి పారేసేదానికి పేజీలెందుకు నాన్నా! ఏం కావాలో సరిగ్గా చెబితే ఒక్క వరుస చాలు' అంటూ దాని అర్థం విప్పింది: ఫైల్లోని వరుసలన్నీ తీసుకో. ఒక్కోదాంట్లో మొదటి నిలువు గీత దాకా ఉన్న మాట విడదియ్యి. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కకట్టు. ఒకటికి మించినవి చూపించు. ఇందులో లెక్క కట్టే పనికి రూబీలో 'టాలీ' అని ఒకే ఒక్క మాట ఉంది. 2019 చివర్లో వచ్చిన 2.7 వెర్షనులో చేర్చారు. అంతకుముందు ఆ లెక్కని ఎవరికి వారే విడదీసి రాసుకునేవారు.

తమాషా ఏమిటంటే, కంటికి ఒకేలా కనిపించే రెండు మాటల్ని కంప్యూటరు వేర్వేరుగా లెక్కపెట్టింది. చూస్తే ఒకదాని చివర ఓ ఖాళీ ఉంది. మనిషి కంటికి ఆనని ఖాళీ కూడా దానికి అక్షరమే. ఖాళీలు కత్తిరించమని ఇంకో మాట చేరిస్తే జంట దొరికిపోయింది.

మాస్టారికి ఈ ఆట నచ్చింది. వారం వారం ఫోన్లో ఓ ప్రశ్న అడిగేవారు. ఏ ఊరి మాటలు ఎక్కువున్నాయి? అర్థం రాయడం మరిచిపోయిన వరుసలెన్ని? అక్షరక్రమంలో పేర్చగలవా? ఆమె ఒక్కో వరుస రాసి పంపేది. ఆయన దాన్ని కంప్యూటర్లో అతికించి ఎంటర్ కొట్టేవారు.

అక్షరక్రమం దగ్గర మాత్రం చిన్న గొడవైంది. 'కల' తర్వాత 'కళ' వచ్చింది, ఆ తర్వాత 'కవ'! 'హ తర్వాత కదమ్మా ళ వచ్చేది? నీ కంప్యూటరు ఏ బళ్లో చదువుకుంది?' అని నవ్వారు. తప్పు రూబీది కాదు. తెలుగు అక్షరాలకి యూనికోడ్ వాళ్లిచ్చిన నంబర్లలో ర పక్కన ఱ, ల పక్కన ళ ఉంటాయి. కంప్యూటరు ఆ నంబర్ల ప్రకారం పేరుస్తుంది. ళ, ఱ లను చివరికి పంపమని షరతు చేర్చాక గానీ మాస్టారు మార్కులు వెయ్యలేదు.

* * *

ఈ చిన్న వరుసల వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో యూనిక్స్ తయారుచేసినవాళ్లు 1970ల్లోనే ఈ పద్ధతికి పునాది వేశారు. వెతకడానికి ఒక పనిముట్టు, మార్చడానికి ఒకటి, పేర్చడానికి ఒకటి. ఒకదాని నుంచి వచ్చింది ఇంకోదాంట్లోకి గొట్టంలో నీళ్లలా పారుతుంది. ఆ గొట్టం ఆలోచన డగ్లస్ మెకిల్‌రాయ్ అనే ఆయనది.

1986లో ఆయనకీ, డోనాల్డ్ నూత్ అనే మహా పండితుడికీ ఓ పత్రికలో ముచ్చటైన పోటీలాంటిది జరిగింది. ఒక రచనలో ఎక్కువసార్లు వచ్చిన మాటలేవో లెక్కతేల్చే ప్రోగ్రాం రాయమన్నారు నూత్‌ని. ఆయన పేజీల కొద్దీ అద్భుతంగా రాశారు. దాన్ని సమీక్షించమని మెకిల్‌రాయ్‌కి ఇస్తే, ప్రోగ్రాంని మెచ్చుకుంటూనే అదే పనిని ఆరు చిన్న ఆదేశాలతో చేసి చూపించారు! నూత్ రాసింది పుస్తకంలా చదువుకోదగ్గది. మెకిల్‌రాయ్ రాసింది అప్పటికప్పుడు పని జరిగేది. రెంటికీ అభిమానులున్నారు.

ఆ పనిముట్లని ఒకే భాషలోకి తెచ్చింది 1987లో వచ్చిన పెర్ల్. పలకడానికి అది ముత్యమే. 1993లో జపాను ప్రోగ్రామరు యుకిహిరో మాట్సుమోటో కొత్త భాష మొదలుపెట్టి, ముత్యానికి జోడీగా మరో రత్నం పేరు పెట్టారు. రూబీ... అంటే కెంపు. 1995లో అది అందరి చేతికీ వచ్చింది. నల్ల తెర మీద ఒక్క వరుసలో పని ముగించే మీటలు పెర్ల్ నుంచి రూబీకి వారసత్వంగా వచ్చాయి.

ఆ మీటలు ఒక్కో అక్షరమే. 'ఇ' అంటే ప్రోగ్రాం వేరే ఫైల్లో లేదు, ఈ కొటేషన్లలోనే ఉందని. 'ఎన్' అంటే ఫైల్లో ఒక్కో వరుసా చదువుతూ కొటేషన్లలో చెప్పిన పని చెయ్యమని. 'పి' కూడా అంతే, కాకపోతే పని అయ్యాక ప్రతి వరుసనీ తిరిగి అచ్చేస్తుంది. 'ఐ' ఉంటే ఆ అచ్చు తెర మీద పడదు. పాత ఫైలు స్థానంలో అదే కొత్త ఫైలుగా కూర్చుంటుంది.

'మరి ఏ వరుసని మార్చమంటున్నావో ఎక్కడా చెప్పలేదేం?' అని మాస్టారు అడిగారు.

'చెప్పక్కర్లేదు నాన్నా. ఇప్పుడు చేతిలో ఉన్న వరుసే అని అది అనుకుంటుంది.'

మాస్టారి ముఖం వెలిగిపోయింది. 'ఇది అనువృత్తి కదమ్మా!' అన్నారు. పాణిని నాలుగు వేల దాకా సూత్రాలు రాశాడు. ఒక సూత్రంలో చెప్పిన పదాన్ని తర్వాతి సూత్రంలో మళ్లీ చెప్పడు. పైనుంచి అదే కిందికి వస్తుంది. దాన్నే అనువృత్తి అంటారు. అరమాత్ర తగ్గినా వ్యాకరణ పండితులకి కొడుకు పుట్టినంత సంబరమని ఓ నానుడి కూడా ఉంది.

'అయితే ఒకటుందమ్మా' అన్నారు చివర్లో. 'సూత్రం ఒక్కటే ఇస్తే ఎవరికీ అర్థం కాదు. దాని కింద వృత్తి ఉండాలి. అంటే వివరణ. సూత్రం ఎంత పొట్టిదైతే వృత్తి అంత పొడుగవుతుంది.'

ఆమె నవ్వేసి ఊరుకుంది.

* * *

2023 సంక్రాంతికి ఆమె ఇంటికొచ్చింది. పండగ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫైలు తెరిచి చూస్తే కొన్ని మాటలు వింతగా కనిపించాయి. 'గంటెలు'లో సున్న కాస్త పొడుగ్గా ఉంది. 'కంబారి'లోనూ అంతే. తీరా చూస్తే అది అక్షరం కాదు, అంకె! మాస్టారు తొందరలో అంకెల మీటల దగ్గరున్న సున్న కొట్టేస్తున్నారు.

'సున్న సున్నే కదమ్మా' అన్నారాయన అమాయకంగా.

మనకి సున్నే. కంప్యూటరుకి కాదు. 'గంటెలు' అని వెతికితే అంకె సున్న ఉన్న గంటెలు దొరకదు. దానికీ మందు ఉంది. తెలుగు అక్షరమా కాదా అని పోల్చడం రూబీకి తెలుసు. ఆమె ముందుగా ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో చూసింది. 9,412. తర్వాత, తెలుగు అక్షరం పక్కనే అంకె సున్న ఉన్న వరుసలన్నీ చూపించమని 'ఎన్' పెట్టి ఒక వరుస రాసింది. తెర నిండా జాబితా దిగింది. బాగానే ఉంది.

ఇక వాటిని సరిచెయ్యాలి. పాత ఆదేశాన్నే బాణం మీటతో వెనక్కి తెచ్చుకుంది. కొటేషన్ల లోపల 'చూపించు' తీసేసి 'అంకెకి బదులు అక్షరం పెట్టు' అని మార్చింది. ఫైల్లోనే మారాలి కాబట్టి 'ఐ' చేర్చింది. ఎంటర్ కొట్టింది. తెర ఏమీ అనలేదు. యూనిక్స్ లోకంలో మౌనం అంటే పని అయిందని.

ఫైలు తెరిచింది. ఖాళీ!

'ఎన్' ని 'పి' గా మార్చడం మరిచిపోయింది. కంప్యూటరు ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది. ప్రతి వరుసనీ చదివింది, సున్నని సరిచేసింది, కానీ అచ్చు వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ చెప్పలేదు మరి. అచ్చు వెయ్యని కాగితం పాత ఫైలు స్థానంలో కూర్చుంది. సున్నలు వెతకబోతే ఫైలే సున్న అయింది.

'ఐ' పక్కన ఓ చుక్క, 'బాక్' అన్న మూడక్షరాలు చేరిస్తే చాలు, పాత ఫైలు ఆ తోకతో పక్కనే భద్రంగా ఉండేది. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఆమే చెబుతుంది.

తన మెయిల్లో దసరాకి నాన్న పంపిన ప్రతి ఉంది. అందులో 9,072 వరుసలు. అంటే దసరా తర్వాత రాసిన 340 మాటలు పోయాయి. ఎడిటరు ఎక్కడైనా పాత ప్రతి దాచిందేమో చూసింది. లేదు. అర్ధరాత్రి దాకా డిస్కంతా గాలించింది. పనికొచ్చేది ఏదీ దొరకలేదు.

మాస్టారికి చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అడిగారు. 'అప్ప చెప్పినవి కూడానా?'

పక్క ఊళ్లో తొంభై ఏళ్ల ముసలమ్మ ఉండేది. మాస్టారు ఆమెని అప్పా అని పిలిచేవారు. చోళ్లు కోసి, ఎండబెట్టి, దంచి, అంబలి కాచేదాకా ఒక్కో పనికీ, ఒక్కో పనిముట్టుకీ ఆమె దగ్గర ఒక్కో మాట ఉండేది. దసరా వెళ్లాక మాస్టారు రోజు విడిచి రోజు సైకిలు మీద వెళ్లి ఆమె అరుగు మీద కూర్చునేవారు. కార్తీకం చివర్లో ఆమె పోయింది. పుస్తకాలు మానేశారు కాబట్టి ఆ మాటలు కాగితం మీద ఎక్కడా లేవు.

* * *

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ ఇంట్లోనూ ఆ రోజు ఎవరూ కదల్లేదు, కంప్యూటరు ముందు నుంచి.

తెల్లవారుజామున ఆమెకి ఒకటి తట్టింది. తను నల్ల తెరని మూసెయ్యలేదు! సరిచెయ్యడానికి ముందు తప్పుల జాబితా ఆ తెర మీదే దిగింది. పరుగెత్తుకెళ్లి పైకి జరిపి చూసింది. జాబితా అలాగే ఉంది. దాన్నంతా తీసి దసరా ప్రతితో పోలిస్తే 61 కొత్త వరుసలు దొరికాయి. తప్పు రాసిన మాటలే మిగిలాయి. సరిగ్గా రాసినవి పోయాయి.

'చూశావా, నా తప్పులే నన్ను కాపాడాయి' అని మాస్టారు నవ్వబోయారు. ఆమెకి నవ్వు రాలేదు.

ఆయన కళ్లు మూసుకుని గుర్తొచ్చినవన్నీ చెబుతుంటే ఆమె టైపు చేసింది. వంటింట్లోంచి అమ్మ మధ్యమధ్యలో అందుకుంది. 'రోకలి గురించి ఏదో చెప్పారు కదండీ, ఆ రోజు పప్పుచారు పోస్తుంటే...' మాస్టారికి కొత్త మాట దొరికితే అన్నం దగ్గర పదిసార్లు చెప్పే అలవాటు. అమ్మ విసుక్కుంటూనే విన్నది. వినీ వినీ గుర్తుండిపోయింది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి 127 మాటలు చెప్పారు.

ముక్కనుమ నాడు పక్క ఊరు వెళ్లారు. 'మా అత్త మాటలు నాకేటి తెలుసు బాబూ' అంటూనే ముసలమ్మ కోడలు చేటలు, జల్లెడలు, రోలు, రోకలి ఒక్కోటీ తెచ్చి ముందు పెట్టింది. వస్తువు చేతిలోకి వచ్చాక మాట నోటికి వచ్చింది. అక్కడ 43 దొరికాయి. వాటిని ఆమె కంప్యూటర్లో కాదు, నోటు పుస్తకంలో రాసుకుంది.

మొత్తం 231. ఇంకా 109 మాటలు రాలేదు. ఏవి పోయాయో కూడా చెప్పలేరు. చెప్పగలిగితే అవి పోయినట్టే కాదు కదా.

* * *

హైదరాబాదు వెళ్లే ముందు రోజు మాస్టారు కొత్త నోటు పుస్తకం ఒకటి తెచ్చి కూతురి చేతిలో పెట్టారు. 'నువ్వు రాసే ఒక్కో వరుసనీ ఎడమ పేజీలో రాయి. అదేం చేస్తుందో, ఏం చెయ్యదో, వాడే ముందు ఏం చూసుకోవాలో కుడి పేజీలో తెలుగులో రాయి. సూత్రం ఆ పక్క, వృత్తి ఈ పక్క' అన్నారు.

ఆమె ఈసారి నవ్వలేదు. కూర్చుని రాసింది. రాస్తుంటే ఒకటి అర్థమైంది. ఒక్క వరుసలో రాయడమంటే మాటలు తగ్గించడం మాత్రమే. అర్థం తగ్గదు. చెప్పకుండా వదిలేసిందంతా రాసేవాళ్ల తలలో ఉండాలి. పండగ భోజనం చేసి కునుకు పడుతున్న మధ్యాహ్నం అది తలలో లేకపోతే, కంప్యూటరు దాన్ని తనంతట తాను పూరించుకోదు. పాణిని సూత్రానికి గురువు పక్కనుంటాడు. నల్ల తెర ముందు ఎవరూ ఉండరు.

అందుకే మొదటి పేజీలో ఇలా రాసింది. 'ముందు తెర మీద చూడు. సరిగ్గా ఉందనుకున్నాకే ఫైలు ముట్టు. ముట్టేముందు కాపీ తియ్యి. బాక్ లేనిదే ఐ వాడకు.' ఆ ప్రకారమే, ఆ సాయంత్రం సున్నల పని మళ్లీ చేశారు. ముందు 'పి' పెట్టి తెర మీద చూశారు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని కొన్ని వరుసలు పైకి చదివారు. ఆ తర్వాతే 'ఐ', దాని పక్కన 'బాక్'. ఎంటర్ మాస్టారే కొట్టారు. రెప్పపాటులో అంకె సున్నలన్నీ అక్షరాలైపోయాయి. పాత ఫైలు పక్కనే ఉంది.

మాస్టారు మళ్లీ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుంటున్నారు. మాట ముందు అందులోకి, రాత్రికి ఫైల్లోకి. ప్రతి ఆదివారం ఫైలు కూతురికి మెయిల్లో వెళుతుంది. ఆ వారం ఎన్ని కొత్త వరుసలు చేరాయో చెప్పే చిన్న ఆదేశం ఆమె రాసిచ్చింది. దాని వృత్తి ఆయనకిప్పుడు నోటికి వచ్చు.

ఆ నోటు పుస్తకం చివరి పేజీల్లో ఆయన 1 నుంచి 109 వరకు అంకెలు వేసుకున్నారు. పక్కన ఖాళీ. సంతలోనో, పెళ్లి భోజనంలోనో ఎవరి నోటో ఓ మాట వినబడి 'ఇది అప్ప చెప్పిందే!' అనిపిస్తే ఇంటికొచ్చి ఒక అంకె పక్కన రాస్తారు. ఇప్పటికి ఇరవై రెండు నిండాయి.